హ్యాచెట్ గండిలో రెండు పేలుళ్లు

హ్యాచెట్ గండి పేరెత్తితే మా బిటర్‌రూట్ కొండల్లో ఎలుగుబంట్లు కూడా చుట్టుదారి పడతాయి. పొద్దుగుంకాక అక్కడి మలుపు దాటిన నల్లగుర్రం ఒకటి తెల్లారేసరికి తోకతో సహా తెల్లబడిపోయింది. నవ్వకండి. సగానికి సగం తగ్గించే చెబుతున్నాను.

అక్కడ నవంబరులో, మంచు పడే సాయంత్రాల్లో తుపాకీ పేలుతుంది. ఢాం... కాసేపాగి... ఢాం. అంతే. వెళ్లి చూస్తే మనిషుండడు. అడుగుజాడ ఉండదు.

ఆ తుపాకీ ఎవరిదో ఊరందరికీ తెలుసు. నా నేస్తం వెర్నా మొగుడు, చచ్చిపోయిన ఆర్లో టఫ్ట్‌ది.

మా దగ్గర వరసగా మూడు పేలుళ్లంటే — ఆపదలో ఉన్నాను, రండి — అని. పొయ్యి మీద కూర మాడిపోతున్నా సరే, లాంతరు పట్టుకుని పరిగెత్తాల్సిందే. ఆర్లో వేటకి వెళ్లిన సాయంత్రం ఊరంతా చెవులు రిక్కించి లెక్కపెట్టింది. రెండే. "జింక పడ్డట్టుంది, రేపు మనకీ ఓ తొడ పంపిస్తాడు," అనుకుని దుప్పట్లు కప్పుకున్నాం.

నాలుగో రోజున గండి అడుగున దొరికాడు. కాలు విరిగి... గడ్డకట్టుకుపోయి.

"బాధ పడలేదమ్మా," అన్నాడు డాక్టరు వెర్నాతో. "తల కూడా రాయికి కొట్టుకుంది. పడగానే పోయాడు. జేబునిండా తూటాలున్నాయి చూడు. ఆ రెండూ జింక మీద కాల్చినవే. ప్రాణముంటే మూడు కాల్చి పిలవడూ?"

ఆ ఒక్క మాట పట్టుకుని వెర్నా ఏడాదంతా బతికింది. పడగానే పోయాడు. ఎవరికోసమూ ఎదురుచూడలేదు.

మళ్లీ నవంబరు వచ్చింది. గండిలో చప్పుళ్లు మొదలయ్యాయి.

"నేను వెళ్తా," అంది వెర్నా.

"మతి పోయిందటే? అది దెయ్యం!" అన్నాను.

"అయితే ఏం? నా మొగుడేగా. కాపురం చేసినన్నాళ్లూ మాత్రం దేవుడిలా ఉన్నాడేంటి?"

ఇక్కణ్ణుంచి వెర్నా చెప్పిందే చెబుతున్నాను. నా ఉప్పూకారం ఏమీ లేదు.

మలుపు దగ్గర లాంతరు దానంతటదే చిన్నదైందట. గాలి లేదు. గండి అంచున మోకాళ్ల మీద కూర్చుంది.

ఢాం.

కొండ కొండంతా పలికింది.

ఢాం.

"ఆర్లో..." అంది గుసగుసగా.

ఊళ్లోకి వినబడేది అంతవరకే. కానీ వెర్నా అంచునే ఉంది. అప్పుడు... అడుగునుంచి... ఒక చిన్న చప్పుడు.

టప్.

సీసా బిరడా ఊడినట్టు.

ఆ చప్పుడు వెర్నాకి తెలుసు. ఆర్లోది తాతలనాటి తుపాకీ. కింద మీట లాగి కాల్చే రకం. దాని తూటాలు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకవు. కాల్చిన ఇత్తడి తొడుగులే ఏరుకొచ్చి, అడుగున కొత్త నిప్పుబిళ్ల నొక్కి, చెంచాతో మందు పోసి, పైన సీసం గుండు బిగించుకోవాలి. ఇంట్లో ఆ పని వెర్నాదే. ఏ తొడుగులోనైనా మందు పోయడం మరిచిపోతే నిప్పుబిళ్ల ఒక్కటే పేలుతుంది. టప్ — అని. గుండు బయటికి పోదు, గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాని వెనకాల ఇంకోటి కాల్చామా, తుపాకీ మన మొహం మీదే పగులుతుంది. ఇక జేబులో ఎన్ని తూటాలుంటే ఏం?

ఆ సంగతి ఆర్లోకీ తెలుసు.

అర్ధరాత్రి నా తలుపు బాదింది. "మిర్టిల్, రా." జుట్టునిండా మంచు. ఎందుకో చెప్పకుండానే చెయ్యి పట్టుకుని వాళ్లింటికి ఈడ్చుకుపోయింది.

పోలీసులు తెచ్చిచ్చిన రోజు గోడకి తగిలించిన తుపాకీ... ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు. దించింది. మీట లాగి ఖాళీగా ఉందో లేదో చూసుకుంది. గొట్టం తుడిచే కడ్డీ తీసి, మూతిలోంచి మెల్లగా దింపింది.

జానెడు... మూరెడు... దిగుతోంది... దిగుతోంది —

టక్.

ఆగిపోయింది.

వెర్నా ఇంకోసారి నొక్కి చూడలేదు.

"పిలిచాడే మిర్టిల్," అంది. "మూడోసారీ పిలిచాడు."

తుప్పు పట్టిందేమోనే అందామనుకున్నాను. అబద్ధాలకి నా నోట్లో ఎప్పుడూ కరువు లేదు. ఆ రాత్రి మాత్రం ఒక్కటీ రాలేదు.

అప్పుడు తలెత్తి నావంక చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"వేటకి ముందురోజు ఈ బల్ల దగ్గరే తూటాలు కడుతున్నాను. నువ్వొచ్చి ఏదో కథ మొదలుపెట్టావ్. నవ్వీ నవ్వీ, చెంచా పక్కన పెట్టేసి కళ్లు తుడుచుకున్నాను..."

తుపాకీని ఆ బల్ల మీదే పెట్టింది.

"ఏంటే ఆ కథ?"