నాలుగూ పదికి తీసిన ఫొటో

నేను దెయ్యాలను నమ్మను, ఆధారాలను నమ్ముతాను. మట్టిలో పూడిపోయిన గోడలూ బావులూ సాయంత్రపు ఏటవాలు ఎండలో పైనుంచి చూస్తే సన్నని నీడలుగా తేలతాయి. అందుకే చిన్న కెమెరాను పెద్ద గాలిపటం తాడుకు వేలాడదీసి, ఐదు సెకన్లకొక ఫొటో దానంతటదే తీసేలా అమర్చి ఎగరేస్తుంటాను. మొన్న జనవరిలో ఉయ్యూరు దగ్గర, చెరకు నరికేసిన చేలో ఆ పనిమీదే దిగాను. కెమెరా ఉన్న సంచీ ఇంకా తెరవలేదు.

చేను రావమ్మగారిది. డెబ్బై ఏళ్ళుంటాయి.

"ఎంతసేపైనా ఎగరేసుకోండి మాస్టారూ. ఆ ఈశాన్యం మూలకి మాత్రం పోనివ్వకండి."

"ఏముందమ్మా అక్కడ?"

"బావి. పూడ్పించేశాం. మా చిన్నకోడలు స్నానం చేస్తుంటే ఎవడో డాబా మీంచి సెల్‌తో తీశాడండీ. ఊరంతా చూశారు. మేమూ దాన్నే తిట్టాం. పోయి ఆ బావిలో... ఇంక పైనుంచి దాన్నెవరూ చూడకూడదు. చేతిలో చెయ్యేసి చెప్పండి."

వేశాను.

కానీ నేను వెతుకుతున్నది పాత బావులనే. ఆవిడ టీ తేవడానికి వెళ్ళగానే, గాలిపటం ఎగరేసి ఆ మూలకు నడిచాను. తిరిగొచ్చిన ఆవిడతో "గాలి లాక్కెళ్ళిందమ్మా" అన్నాను. తాడు నా చేతిలోనే ఉంది. ఆవిడ టీ గ్లాసు నా చేతికివ్వకుండా గట్టుమీద పెట్టింది.

ఇంటికి చేరి, వన్ టౌన్‌లోని నా గదిలో ఫొటోలు తెరిచాను. కింది గోడౌను నుంచి ఎప్పుడూ వచ్చే మిరపకాయల ఘాటు లేదు. తడి సబ్బు వాసన.

వట్టి చేను. వట్టి చేను. ముప్ఫై ఏడో ఫొటోలో, ఆ మూల, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఆడమనిషి. రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాతి దాంట్లో కాస్త పెద్దగా. ఆ తర్వాత ఇంకా...

నా లెన్సుకు జూమ్ లేదు. గాలిపటం ఒక్క అడుగు కూడా దిగలేదు.

ఆఖరి ఫొటో నిండా తడి వేళ్ళు.

"తప్పయిందమ్మా," అని గొణిగాను. వరసగా అన్నీ చెరిపేశాను.

ఒక్కటి మిగిలింది. నాలుగూ పదికి తీసింది. కెమెరా గడియారం సరిచూశాను, తేడా లేదు.

పైనుంచి తీసిన ఫొటో. రావమ్మగారి అరచేతిలో నా చెయ్యి. నా భుజాన సంచీ. దాని జిప్ వేసే ఉంది.

కెమెరా అప్పటికింకా అందులోనే ఉంది.