పదోవంతు గుమాస్తా

హెవెష్ జిల్లాలో ధైర్యవంతులకు కొదవ లేదు. తుర్కీ సైన్యం వచ్చి ఎగెర్ కోటను చుట్టుముడితే మా ముత్తవ్వలు గోడలెక్కి వాళ్ళ నెత్తిన సలసల కాగే సూప్ కుమ్మరించారని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాం. కానీ మా ఊరి చివర, కొండను తొలిచి వైన్ దాచుకునే నేలమాళిగల వరుసలో చిట్టచివరిది ఉందే... పొద్దుగూకాక దాని ముందునుంచి నడవమంటే మాత్రం, ఆ ముత్తవ్వల మనవలందరికీ ఒక్కసారిగా మోకాళ్ళ నొప్పులొస్తాయి.

దానికి చెడ్డపేరు ఊరికే రాలేదు. పూర్వం తీసిన వైన్‌లో పదోవంతు ఎగెర్ బిషప్ గారికి కట్టాలి గదా. ఆ వసూలుకొచ్చిన గుమాస్తా ఒకడు ఆ మెట్ల మీంచి జారిపడి పోయాడట. పోయినవాడు పోయినట్టు ఉండొచ్చు గదా — ఉండడు. ఏటా ద్రాక్షకోతలవగానే లోపల కూచుని పీపాలు లెక్కపెడతాడు. తలుపుకి చెవి ఆనిస్తే వినబడుతుంది... బుడబుడమని, ఊపిరి తీసుకోకుండా. కొవ్వొత్తితో మెట్లు దిగితే ఉఫ్‌మని ఊదేస్తాడు. మీసాల బాలింట్ దిగాడు. గుమాస్తా ఊదేశాడు. బాలింట్ ఇల్లు చేరాడు గానీ ఎడమకాలి బూటు ఇంతవరకూ చేరలేదు.

ఇదంతా అచ్చులో ఉంది. రిటైరైన చరిత్ర మాస్టారు బెర్తలాన్ గారు రాసిన జిల్లా చరిత్రలో కోట ముట్టడికి ఎన్ని పేజీలిచ్చారో, గుమాస్తాకూ ఇంచుమించు అన్నే ఇచ్చారు. అచ్చయ్యాక ఇంక అనుమానం దేనికి?

మాస్టారి భార్య ఎటెల్కాకు మాత్రం ఆ ఏడు దెయ్యాల గురించి ఆలోచించే తీరిక లేదు. ఆవిడ బాధ వేరు. కోతల కాలం వచ్చిందంటే మాస్టారికి చరిత్ర మీద ప్రేమ పొంగుకొస్తుంది. రోజూ సాయంత్రం ఎగెర్‌లో చరిత్ర సంఘం సమావేశమని బయల్దేరతారు. ఆ సంఘంలో ఉన్నదే గుప్పెడు మంది, సగం మందికి చెవుడు. రోజూ ఏం మాట్లాడుకుంటారు? పైగా తిరిగొచ్చేసరికి వేళ్ళు ఊదారంగు. అడిగితే పాత కాగితాల సిరా అంటారు.

ఊదారంగు అనగానే మా ఊళ్ళో గుర్తొచ్చేది ఒక్కటే — పోస్టాఫీసు వెనక ఒంటరిగా ఉండే హెర్మినా జుట్టు. మొగుడు పోయినప్పట్నుంచీ రంగేస్తోంది. వానలో తడిస్తే కాలరు కూడా ఊదా అవుతుంది. జుట్టు మీద ఉన్న శ్రద్ధ వంటింటి మీద ఉండదులెండి. ఆవిడ ఇంట్లో కాఫీ తాగినవాళ్ళు, నిన్న అదే కప్పులో ఎవరు తాగారో కూడా చెప్పగలరు. ఆ ఊదాకీ ఈ ఊదాకీ ముడిపెట్టింది నేను కాదు. రొట్టెల కొట్టు దగ్గర ఎవరో అన్నారు, నేను పక్కన నించున్నానంతే.

ఎటెల్కా ఏడవలేదు. ఒక సాయంత్రం శాలువా కప్పుకుని మొగుడి వెనకే బయల్దేరింది.

మాస్టారు బస్సెక్కలేదు. అటూ ఇటూ చూసి, చర్చి వెనకనుంచి కొండదారి పట్టారు. చేతిలో బుట్ట. బుట్టలో రొట్టె, ఉల్లిపాయలు, పొగబెట్టిన పందికొవ్వు — ఒక్కటీ ఎటెల్కా సర్దింది కాదు. నేలమాళిగలన్నీ దాటుకుంటూ పోయి... చిట్టచివరి దాని ముందు ఆగారు. గడప పక్క రాయి ఎత్తి తాళంచెవి తీశారు.

ఎటెల్కా కాళ్ళు వెనక్కి లాగాయి. కానీ లోపలున్నది గుమాస్తా అయితే మహా అయితే చంపుతాడు. హెర్మినా అయితే ఊరంతా నవ్వుతుంది.

చీకటి పడేదాకా ద్రాక్షతీగల చాటున ఆగి, తలుపు తోసింది.

ముందుగదిలో బల్ల. బల్ల మీద వెలుగుతున్న కొవ్వొత్తి. పక్కన గ్లాసులు — రెండు. మనిషి జాడ లేదు. కానీ మెట్ల కిందనుంచి... గుసగుసలు. ఒక గొంతు ఆగితే ఇంకోటి అందుకుంటోంది. మధ్యలో ఎవరో గొంతులోనే నవ్వినట్టు...

ఎటెల్కా కొవ్వొత్తి తీసుకుని దిగింది. ఒక్కో మెట్టూ చల్లబడుతోంది. గుసగుస దగ్గరవుతోంది. చివరి మెట్ల దగ్గర మంట చిన్నదైంది... వణికింది... ఆరిపోయింది. గాలి పిసరంత లేదు.

అరవబోయింది. కానీ నోటికంటే ముందు ముక్కు పనిచేసింది. పుల్లగా, తియ్యగా వాసన.

పులుస్తున్న ద్రాక్షరసం బుడబుడమంటూ గుసగుసలాడుతుంది, ఊపిరాడని గాలి వదులుతుంది; అది ఉన్నచోట దీపం నిలవదు, మనిషీ నిలవడు. అందుకే కోతలయ్యాక కొవ్వొత్తి లేకుండా ఎవరూ కిందికి దిగరు, అది ఆరితే వెనక్కి రావాలని. మా జిల్లాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కానీ ఏళ్ళ తరబడి ఖాళీగా పడున్న చోట రసం ఎందుకుంటుంది? కాబట్టి గుమాస్తాయే. ఊరంతా అలాగే తేల్చేసింది, మీసాల బాలింట్‌తో సహా. పుట్టినప్పట్నుంచీ పీపాల మధ్య పెరిగినవాడు.

“ఎటెల్కా...” వెనకనుంచి ఎవరో గుసగుసగా అన్నారు. “పైకి వచ్చెయ్. ఇంకో మెట్టు దిగకు.”

తలుపులో మాస్టారు, ప్యాంటు గుండీలు పెట్టుకుంటూ. ఇంకొకళ్ళని పంపలేని పని మీద ఆయన, చీకట్లో ఎటెల్కా కంటపడకుండానే, తోటలోకి వెళ్ళారు.

ఆ తర్వాత అంతా కక్కేశారు. డాక్టరు వైన్ మానమన్నాడు, ఎటెల్కా ఇంట్లో పీపాలమ్మేసింది, కోతల వాసన తగిలితే ఆయన చేతులు ఊరుకోవు, అందుకే ఇక్కడ దొంగచాటుగా ద్రాక్ష పిండి వైన్ చేస్తున్నారు — వేళ్ళ ఊదారంగు అదే. ద్రాక్ష ఎవరిచ్చారంటే, ఎటెల్కా సొంత తమ్ముడే. మరి ఎవరూ ఇటు రాకుండా ఉండాలంటే...

“అయితే గుమాస్తా?”

“నేనే పుట్టించాను. నాలుగేళ్ళవుతోంది.”

ఆ నాలుగేళ్ళలో, గుమాస్తా సంగతి మా అవ్వ చెప్పేదని ప్రమాణం చేసేవాళ్ళు ఊళ్ళో బోలెడు మంది తేలారు. నేనూ ఒకసారి అన్నాననుకుంటా.

ఎటెల్కా చూపు బల్ల మీంచి కదల్లేదు. “సరే. ఆ రెండో గ్లాసు ఎవరిది?”

మాస్టారు గోడకేసి చూశారు. “నవ్వకు. గుమాస్తాదే. ఆయన పేరు వాడుకుంటున్నాం, పదోవంతు కట్టకపోతే బాగుండదని... వెళ్ళేటప్పుడు నిరుటి వైన్ ఒక గ్లాసు పోసి పెడతాను. మర్నాటికి ఖాళీ అవుతుంది. ఎలకలనుకుంటా.”

“ఎలకలు.”

“ఎలకలే.”

“ఆ ఎలకల జుట్టు ఏ రంగండీ?”

మాస్టారు దేవుడి మీద ఒట్టేశారు, వాళ్ళమ్మ మీద ఒట్టేశారు. ఎటెల్కా వినలేదు. గ్లాసు తళతళలాడేలా తుడిచి, తన చేత్తో నిండా పోసింది. తలుపుకి తాళం వేసి, తాళంచెవి రవికలో దోపుకుంది. ఆ రాత్రి దానితోనే పడుకుంది, మొగుడికి వీపు పెట్టి.

మర్నాటి సాయంత్రం తానే తాళం తీసింది. తలుపు కిర్రుమంది. కింద బుడబుడలు ఆగలేదు. మాస్టారు కొవ్వొత్తి ఎత్తి పట్టుకున్నారు.

గ్లాసు ఖాళీ.

ఖాళీ కావడమే కాదు. శుభ్రంగా కడిగి, బల్ల మీద బోర్లించి ఉంది. అంచున నీటిచుక్క ఒకటి ఇంకా జారుతోంది...

మాస్టారి మొహం సున్నం కొట్టినట్టయింది. “నేను... నేను కల్పించిన మనిషే వాడు,” అన్నారు.

ఎటెల్కా గ్లాసు తీసి వెలుతురుకి పట్టింది. తిప్పి చూసింది. వాసన చూసింది. మెల్లగా బెంచీ మీద కూలబడి, వారాల తరబడి బిగబట్టిన ఊపిరి వదిలింది.

“హెర్మినా కాదండీ,” అంది. “అది పుట్టి బుద్ధెరిగి ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదు.”

తర్వాత గ్లాసు మాస్టారి ముందుకి జరిపింది.

“పాపం, ఆయనకి ఇంకొంచెం పోయండి.”