ఏడడుగుల సింహాచలానికో కుదురు

ఎర్రవరంలో పుట్టిన పిల్లలకి నమస్కారం పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. గుమ్మం దాటిన ప్రతిసారీ నడుం దాకా వంగాల్సిందే, లేకపోతే నుదుటి మీద బొప్పి కట్టాల్సిందే. ఈ ఎర్రవరం మీకు తెలిసిన ఎర్రవరం కాదు లెండి. ఇది అంగారకుడి మీద ఉంది. మొదటి ఓడలో దిగినవాళ్ళంతా విజయనగరం, అనకాపల్లి వైపు మనుషులు. చుట్టూ ఎర్రమట్టి కనిపించింది, పేరు కోసం బుర్ర బద్దలు కొట్టుకోకుండా ఎర్రవరం అనేశారు.

అక్కడ గురుత్వాకర్షణ భూమ్మీద ఉన్నదాంట్లో మూడో వంతు చిల్లర. వెన్ను మీద మోత లేకపోయేసరికి, అక్కడ పుట్టిన పిల్లలు ఆనపతీగెల్లా సాగిపోతారు. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి ఏడడుగులు మామూలు. తలుపులూ మంచాలూ లారీలూ మాత్రం భూమి నుంచి దిగుమతి. వాటిని తయారుచేసే కంపెనీవాళ్ళు 'సగటు మనిషి' అని ఒకణ్ణి లెక్కలో పెట్టుకున్నారు. వాడి ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలట. ఆ మహానుభావుడు ఎర్రవరంలో ఎవరికీ ఎదురుపడిన పాపాన పోలేదు.

సింహాచలం ఎర్రవరంలో పుట్టిన పిల్ల. పేరు చూసి మగవాడనుకునేరు, ఆ వైపు ఆడామగా ఇద్దరికీ ఆ పేరుంది. ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటినుంచీ ఒకటే కోరిక, మంచులారీ తోలాలని. ఊరి దాహం తీర్చేది ఆ లారీలే. ఉత్తర ధ్రువంలో మంచు కోసి దిమ్మలుగా ఎత్తుకొస్తాయి. తమంతట తాము నడిచే లారీలు లేక కాదు. దుమ్ము తుఫాను లేచిందంటే వాటి కళ్ళు మూసుకుపోతాయి, ఉన్నచోటే చతికిలబడతాయి. మనిషైతే తిట్టుకుంటూ అయినా బండిని ఇంటికి తెస్తాడు.

డ్రైవర్లందరూ భూమ్మీద పుట్టిన పాతకాపులు, ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. ఇక్కడ పుట్టినవాళ్ళెవరికీ ఇంతవరకూ లైసెన్సు రాలేదు. తోలడం రాక కాదు, కాబిన్లో పట్టక. ఈసారి పరీక్షలో కూడా ఎవరూ నెగ్గకపోతే భూమి నుంచే డ్రైవర్లని దింపుతామని అక్కడినుంచి కబురొచ్చింది. సింహాచలం అప్పటికే రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం.

"సీటు వెనక్కి జరిపితే సరిపోదా?" అని మీరు అడగొచ్చు. ఈ చిక్కు విప్పడానికి పూనుకున్న సీట్ల పరిశోధకుడు డాక్టర్ ఇందుమౌళి కూడా మొదట్లో అలాగే అనుకున్నాడు. పొడుగాటి మనిషికి కాళ్ళు పట్టాలని సీటు వెనక్కి జరిపితే, చేతులు స్టీరింగుకి అందవు. చేతులందాలని ముందుకి జరిపితే, మోకాళ్ళు వెళ్ళి దాని కింద ఇరుక్కుంటాయి. స్టీరింగు పైకెత్తితే ముందున్న మీటర్లు కనపడవు. సీటు ఎత్తితే తల కప్పుకి తగులుతుంది. ఒకటి సవరిస్తే ఇంకోటి చెడుతుంది. పోనీ కాబిన్ పెద్దది చేద్దామా అంటే, అది గాలి చొరబడని ఒకే పోత. కోస్తే లోపల మనిషి ప్రాణానికి పూచీ లేదు.

ఇందుమౌళి ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పొడుగువాళ్ళ బాధ తీర్చడానికి ఈయనే దొరికాడా అని ఊళ్ళో నవ్వుకున్నారు. ఆయనా నవ్వుకుని, సింహాచలం భుజం కొలవడానికి స్టూలెక్కాడు.

రెండేళ్ళు కూర్చుని ఆయన చేసిన పీఠం పేరు 'కుదురు'. కుండ కింద కుదురు పెడితే కుండ ఎటూ దొర్లకుండా ఉంటుంది కదా, ఇదీ అంతే. సీటు నేలలోకి దిగుతుంది, వీపు వాలుతుంది, పెడళ్ళు లారీ ముక్కులోకి జరుగుతాయి, స్టీరింగు 'చాపుకాడ' అనే సాగే కడ్డీ మీద మనిషి ఛాతీ దాకా సాగుతుంది, మీటర్లు దాని వెంటే వస్తాయి. ఇవన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఒకేసారి కదులుతాయి, అదీ అందులో కిటుకు. సీటు గుడ్డ నిండా ఆవగింజలంత స్పర్శకణాలు. కండరం ఎక్కడ బిగిసిందో, ఊపిరి ఎక్కడ ఆగిందో అవి పట్టుకుంటాయి. ఆపైన పీఠం నోరు విప్పి మనిషిని అడుగుతుంది కూడా. రెండూ కలిపి నూటికి ఒక అంకె కడుతుంది. దాని పేరు 'సుఖాంకం'. ధ్రువం దాకా పోయి వచ్చేలోపు సుఖాంకం ఎక్కడా డెబ్భైకి దిగకూడదు, దిగితే లైసెన్సు లేదు. కాలు తిమ్మిరెక్కిన డ్రైవరు తొక్కని బ్రేకుని తొక్కాననుకుంటాడు, అందుకే ఆ నిబంధన.

కుదురుని మొదటిసారి పరీక్షించిన రోజున సింహాచలం మడతలు పడుతూ కాబిన్లోకి దూరింది. కుదురు నాలుగు పక్కలా జరిగి ఆగింది.

"కుదురుగా ఉందా?" అని అడిగింది పీఠం.

"పరవానేదు," అంది సింహాచలం.

సుఖాంకం తొంభై ఆరు. ఇందుమౌళి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గంటసేపు డిపో చుట్టూ తిరిగొచ్చి లారీ దిగిన సింహాచలం, రెండడుగులు వేసి నేల మీద కూలబడిపోయింది. కాళ్ళలో స్పర్శ లేదు.

"ఏటే గుంటా, ఏటయింది?" అని పరిగెత్తుకొచ్చాడు నూకరాజు. ఆయన తొమ్మిదేళ్ళు ఒంటరిగా ధ్రువం రూటు తోలి, ఇప్పుడు డిపోకి అధికారి అయ్యాడు. లైసెన్సు ఇచ్చినా ఆపినా ఆయన చేతిలోదే.

"ఏటీ నేదు మావయ్యా. పరవానేదు."

"డాట్రుబాబూ, మీ పీఠం బాగుందంతాది, ఈ గుంట బాగుందంతాది, కాళ్ళు మాత్రం బాగోనేదంతన్నాయి. ఎవుల మాట నమ్మాల?" అన్నాడు నూకరాజు.

ఇందుమౌళి మొహం మాడిపోయింది. ఆ మధ్యాహ్నం డిపోలోనే ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. సింహాచలం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, మోచేతులు పక్కటెముకలకి అదుముకుని, పళ్ళెం మీదకి వంగి తింటోంది.

"కాళ్ళు చాపుకోవచ్చు కదమ్మా," అన్నాడు ఇందుమౌళి.

"పరవానేదు బాబూ."

ఇందుమౌళి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నూకరాజుగారూ, మా ఆవిడ 'పరవాలేదు' అంటే నేను రెండ్రోజులు ఇంట్లో ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరుగుతాను. అలాంటిది ఆ మాట నమ్మమని యంత్రానికి నేర్పానేమిటండీ! నా తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాడు.

మాటొక్కటే కాదు, ఒళ్ళు కూడా ఆ పిల్ల మాటే అంటోంది. పుట్టినప్పటినుంచీ ఇరుకు గదుల్లో, ఇరుకు బెంచీల మీద ముడుచుకుని ముడుచుకుని, ముడుచుకోవడమే విశ్రాంతి అని దాని కండరాలు నమ్మేశాయి. సీటు ఒక అంగుళం జరిగితే ఆ పిల్ల రెండంగుళాలు సర్దుకుంటోంది. మనిషికి తగ్గట్టు పీఠం మారాలని ఆయన తాపత్రయం. పీఠానికి తగ్గట్టు మనిషే మారిపోతుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం!

ఇందుమౌళి కుదురుకి కొత్త పాఠం చెప్పాడు. 'పరవాలేదు' అన్న మాట వినపడితే అది ఫిర్యాదు కింద లెక్క. అసలు విషయం బయటపడేదాకా వదలకూడదు. ఒళ్ళు సర్దుకుపోతుంటే, సర్దుకోవడానికి చోటు లేకుండా ఇంకా బిగించాలి.

సింహాచలం మళ్ళీ ఎక్కింది.

"కుదురుగా ఉందా?"

"పరవానేదు."

"అంటే ఎక్కడో నొప్పిగా ఉంది. ఎక్కడ?"

"ఎక్కడా నేదు."

సీటు ఒక అంగుళం ముందుకొచ్చింది. స్టీరింగు తొడల మీదకి దిగింది.

"ఇప్పుడో?"

"ఇదేటి, ఎదురొచ్చేస్తంది! సర్లే, పరవానేదు."

ఇంకో అంగుళం. సింహాచలం ముఖం ఎర్రబడింది. ఇందుమౌళి బయట గోళ్ళు కొరుక్కుంటున్నాడు. మరో అంగుళానికి, ఇరవై మూడేళ్ళుగా ఆ పిల్ల కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ఓలమ్మో! నా మోకాలు చితికిపోతందే! ఎనక్కి జరగవేటి దిక్కుమాలినదానా! నడుం పట్టీసింది! మెడ నొప్పెట్టేస్తంది! నానేటి చాపనా, చుట్టేసి పెట్టీడానికి?"

"చెప్పినందుకు సంతోషం," అంది కుదురు. సీటు నేలలోకి దిగింది, వీపు వాలింది, పెడళ్ళు ముందుకి పోయాయి, స్టీరింగు పైకి లేచి ఆమె చేతుల్లోకి తనే వచ్చింది. సింహాచలం భయం భయంగా కాళ్ళు చాపింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. ఇంకా చాపింది. అప్పటికీ తగల్లేదు. ఆమె గట్టిగా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది.

"మావయ్యా! ఇవి నా కాళ్ళేనేటి? ఇంత పొడుగున్నాయని నాకే తెల్దు!"

నూకరాజు గట్టిగా ముక్కు చీదుకుని, "ఎల్లుండే ధ్రువానికి పయనం. సిద్ధంగుండు," అన్నాడు.

సింహాచలం ఒక్కతే బయల్దేరింది. రెండ్రోజుల దారి. డిపోలో తెర ముందు ఇందుమౌళి, నూకరాజు కాపలా కూర్చున్నారు. తెర మీద గీతల్లో డ్రైవరు బొమ్మ, పక్కన సుఖాంకం. వెళ్ళేటప్పుడు బొమ్మ కాళ్ళు చాపుకుని దర్జాగా ఉంది. అంకె ఎనభై దగ్గర నిలకడగా ఉంది. భుజాల్లో కొద్దిగా బిగింపు కనపడింది కానీ, కొత్త కదా అనుకున్నారు. ధ్రువం చేరింది, మంచు ఎత్తించుకుంది, తిరుగుముఖం పట్టింది. అంతలో దుమ్ము తుఫాను లేచింది. మాట తెగిపోయింది. గీతలూ అంకెలూ మాత్రం వస్తున్నాయి.

ఆ గీతలు చూసి ఇందుమౌళి కుర్చీలోంచి లేచిపోయాడు. మోకాలు స్టీరింగుకి ఆనుకుంది. మోచెయ్యి పక్కటెముకల్లో ఇరుక్కుంది. నడుం ఒక పక్కకి ఒరిగిపోయింది. పాత సీటులో కూడా ఆ పిల్ల ఇంత ఘోరంగా ఎప్పుడూ కూర్చోలేదు.

"అయిపోయింది. గుంట మళ్ళీ ముడుచుకుపోయింది," అన్నాడు నూకరాజు దిగులుగా.

"కానీ అంకె చూడండి!"

సుఖాంకం తొంభై ఎనిమిది.

"మీ పీఠం మళ్ళీ అబద్ధాలు మొదలెట్టింది బాబూ. ఇలగయితే లైసెన్సు ఎలగిస్తాను? నాకు మాత్రం ఇవ్వాలని నేదేటి?"

ఇందుమౌళి రెండు చేతులూ జోడించాడు. లైసెన్సు మాట తర్వాత, ముందు ఆ పిల్ల క్షేమంగా వస్తే చాలని ఎర్రవరంలో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేశాడు.

తుఫాను తెరిపిచ్చాక లారీ వచ్చి మనుషులు దిగే డిపో గొట్టానికి అతుక్కుంది. తలుపు తెరుచుకుంది. ముందు ఒక పొడుగాటి కాలు బయటికొచ్చింది. అది సింహాచలం కాలు కాదు. మంచు కోసే పోలినాయుడిది. వాడి వెనకాల వాడి పెళ్ళాం అప్పలకొండ, ఆవిడా ఏడడుగుల మనిషే. చిట్టచివర సింహాచలం, చెదిరిన జుట్టుతో, చెవుల దాకా నవ్వుతో దిగింది.

"ఈళ్ళెక్కడ కూకున్నారే?" నూకరాజు నోరు తెరిచేశాడు.

"నా సీట్లోనే మావయ్యా. చెరోపక్కా."

"ఒక్క మనిషికని చేసిన సీటులో ముగ్గురా?" అన్నాడు ఇందుమౌళి నీరసంగా.

"రేపు ఊళ్ళో అమ్మోరి సంబరం బాబూ. ఈళ్ళకి బండి వచ్చే నెల గాని నేదంట. అంత చోటు పెట్టుకొని ఒక్కదాన్నే ఎలగొచ్చీడం? సిగ్గుగుండదేటి?" అంది సింహాచలం. అంతలోనే నూకరాజు వైపు తిరిగింది. "లైసెన్సు పోయినట్టేనా మావయ్యా?"

నూకరాజు కాబిన్లోకి తల పెట్టాడు. "ఓలి కుదురూ, నిజం చెప్పు. దార్లో ఏటి జరిగింది?"

"డ్రైవరు మోకాలికి స్టీరింగు తగిలింది. కుడి మోచేతికి కదలడానికి చోటు లేదు. అప్పలకొండగారు దారంతా కథలు చెప్పారు. డ్రైవరు నన్ను మూడుసార్లు తిట్టింది. వాళ్ళని దింపమంటారా, సీటు సరిచేస్తాను అన్నాను. వద్దంది. మొహమాటమేమోనని కండరాలు వెతికాను. భుజాలు వదులయ్యాయి. తుఫానులో కూడా ఊపిరి నిదానంగానే ఉంది. వెళ్ళేటప్పుడు ఇలా లేదు," అంది కుదురు.

నూకరాజు సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు. "తొమ్మిదేళ్ళు తోలేను బాబూ ఆ రూటు. ఆ సీటు నా కొలతదే. నడుం ఒక్కనాడూ నొప్పెట్టనేదు. అయినా బయల్దేరే రోజు పొద్దున్న అన్నం దిగీది కాదు. ఎందుకో నాకూ తెల్దు, ఇన్నాళ్ళూ."

"నిబంధన మాటేమిటండీ?" అన్నాడు ఇందుమౌళి.

"అంకె డెబ్భైకి దిగకూడదని ఉంది. దిగినేదు. ఎంతమంది కూకోవాలో రాసినోడు రాయనేదు, ఆడి తప్పు." నూకరాజు సింహాచలం వైపు తిరిగాడు. "లైసెన్సు నీదేనే గుంటా! కొవ్వూ కండా లేని ఎముకలపోగువి, ఎంతమందిని ఎక్కించుకుంటావో ఎక్కించుకో!"

అప్పలకొండ ఈల వేసింది. సింహాచలం ఆనందం పట్టలేక ఇందుమౌళిని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పేసింది. ఆయన "దింపమ్మా, దింపు!" అంటూనే నవ్వాడు. మనిషి కాళ్ళు చాపుకోవడానికి రెండేళ్ళు కష్టపడి అంగుళం అంగుళం చోటు సంపాదించి పెడితే, దొరికిన చోట్లో ఇంకో ఇద్దర్ని కూర్చోబెట్టుకుని వచ్చింది ఈ పిల్ల! కోపం రావాలి నిజానికి. రాలేదు.

మంచు దిమ్మలు ఊరి తొట్టిలో దింపడానికి లారీ మళ్ళీ కదలాలి. సింహాచలం ఎక్కింది. పోలినాయుడూ అప్పలకొండా చెరోపక్కా సర్దుకున్నారు. నూకరాజు డిపో తలుపు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, గబగబా వచ్చేశాడు.

"కొంచెం జరగండర్రా," అన్నాడు. ఆయన ఎక్కి, చెయ్యందించి ఇందుమౌళిని కూడా లాగాడు. "మీరెంత మనిషి బాబూ, ఈ మూలకి పట్టీస్తారు!"

స్టీరింగు తనంతట తాను వెనక్కీ ముందుకీ కదిలి, అయిదుగురి మధ్య సందు వెతుక్కుని ఆగింది. ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియడం లేదు. అప్పలకొండ అప్పుడే ఏదో కథ ఎత్తుకుంది.

"పోనీనా?" అని అరిచింది సింహాచలం.

"పోనీ!" అన్నారు అందరూ.