మూసే బటన్ పేరు

తాడేపల్లిగూడెం రైల్వేస్టేషన్లో పట్టపగలు సైలెన్సర్ పిస్టల్ ‘టప్’మంది. చేపల మేత సేల్స్‌మన్ వేషంలో ఉన్న ఏజెంట్ జయంత్ చేతుల్లోకి ప్రోగ్రామర్ సత్తిరాజు ఒరిగిపోయాడు.

“మూసే బటన్ పేరు మార్చేశానండీ...” గొణిగాడు సత్తిరాజు. “మా ఆవిడ నన్ను పిలిచే పేరు పెట్టాను.”

అంతే. ప్రాణం పోయింది.

జయంత్ అతని కళ్లు మూశాడు. శుభ్రంగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని దేశం, గీశం అని ఊదరగొట్టి ఈ రొంపిలోకి దించింది తనే కదా!

కొల్లేటి నీళ్లని సముద్రంలో కలిపే ఉప్పుటేరు గేట్లను నడిపే వెబ్‌పేజీ సత్తిరాజు రాసిందే. విదేశీ ముఠా దాన్ని కాజేసింది, ఇప్పుడు రాసినవాణ్ణీ కాల్చేసింది. సముద్రం పోటు మీదున్నప్పుడు గేట్లన్నీ ఎత్తేస్తే ఉప్పునీళ్లు కొల్లేట్లోకి ఎగదన్నుతాయి. పెదపాడు దాకా చెరువులు, చేలు సర్వనాశనం.

జయంత్ ఏలూరు చేరేసరికి లాడ్జిలో ఇందుజ లాప్‌టాప్ తెరిచి కూర్చుని ఉంది. ముఠా దగ్గర జీతం, మనవాళ్లకి సమాచారం. ఆ నవ్వు చూసి ఎటువైపు మనిషో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. ఇవాళ మాత్రం నవ్వడం లేదు.

“గేట్లు లేస్తున్నాయి, జయంత్!”

“మూసే బటన్ ఎక్కడ?”

“పేజీలో కనబడదు. వేరియబుల్ అనే ఈ ఖాళీలో దాని పేరు కొట్టాలి. ఆ పేరున్న బటన్ని ప్రోగ్రామే వెతికి నొక్కుతుంది. వాళ్లావిడ పిలిచే పేరని నువ్వు ఫోన్లో చెప్పావుగా, సత్తిరాజు అని కొట్టాను, రాజు అని కొట్టాను. లాభంలేదు. ఇంకొక్కటి తప్పితే పేజీ లాకైపోతుంది.”

జయంత్ ఫోన్ తీశాడు. చావు కబురు చెప్పాల్సిన నంబరది. చెబితే ఆ ఇల్లాలు గొల్లుమంటుంది, పేరు రాదు. చెప్పకపోతే? ఛీ, ఎంత నీచానికి దిగజారాడు తను!

“గంగాభవానిగారాండీ? సత్తిరాజుగారి స్నేహితుణ్ణండీ. మీవారిని మీరు ఏమని పిలుస్తారు?”

అవతల కిసుక్కున నవ్వు. “భలేవారండీ మీరు! మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తామా ఏవిటి? పెళ్లయిన కాణ్ణుంచీ ‘ఏవండీ’ అనే కదండీ!”

జయంత్ వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తాయి. ఏవండీ. ఎంటర్.

తెరమీద గేట్లు ఒక్కొక్కటే దిగాయి. ఎగదన్నుకొచ్చిన పోటు ఆఖరి తలుపుకి కొట్టుకుని వెనక్కి మళ్లింది.

“మిషన్ సక్సెస్!” ఇందుజ ఎగిరి గంతేసింది.

ఫోన్ ఇంకా జయంత్ చెవి దగ్గరే ఉంది.

“పందెం గానీ వేసుకున్నారేంటండీ ఇద్దరూ?” గంగాభవాని నవ్వు ఆగలేదు. “ఒక్కసారి ఆయనకివ్వండి ఫోను.”

జేబునిండా దొంగ పాస్‌పోర్టులున్న ఏజెంట్ జయంత్ నోటికి ఒక్క అబద్ధమూ రాలేదు.