కొసరుగా వచ్చిన విమానం

"పెద్దాయనా, నీ దగ్గర కార్డు లేదు కదా? నా కార్డు చూపించు!"

"పెద్దాయనా, ఆయమ్మ కంటే ముందు నేనడిగినా. నాది చూపించు!"

కర్నూలు హరివిల్లు సూపర్ బజార్‌లో, మూడో కౌంటర్ దగ్గర, రెండు ప్లాస్టిక్ కార్డులు ఒకేసారి దేవేంద్రప్ప ముక్కు ముందుకొచ్చాయి. పాపం ఆ పెద్దమనిషి కూతురి పెళ్ళి సరుకులు మూడు తోపుడు బండ్ల నిండా వేసుకుని వచ్చి, బిల్లు కోసం నిలబడి ఉన్నాడు.

ఒక కార్డు ప్రదీప్‌కుమార్‌ది. బళ్ళారి చౌరస్తాలో ట్రాక్టర్ విడిభాగాలమ్మే ఏజెన్సీలో సేల్స్‌మన్. రెండో కార్డు పట్టుకున్న అమ్మాయిని అతను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే మరిచిపోయేవాడు కాదు. కళ్ళు అంత పెద్దవి, ఆ కళ్ళలో కోపం ఇంకా పెద్దది.

అది 2007 ఫిబ్రవరి చివరి వారం. హరివిల్లులో ఏది కొన్నా కార్డులో పాయింట్లు పడతాయి. అయిదువేలు కూడితే హైదరాబాదు నుంచి ఏ పెద్ద నగరానికైనా పోను రాను ఒక విమానం టికెట్టు. మార్చి ఇరవై రెండు ఆఖరు తేదీ. కార్డు లేనివాళ్ళ బిల్లుకు మన కార్డు చూపిస్తే ఆ పాయింట్లు మనకే వస్తాయన్న కిటుకు ఊళ్ళో తన ఒక్కడికే తెలుసని ప్రదీప్ మురిసిపోతూ ఉండేవాడు.

"ఇద్దరూ పక్కకు జరగండప్పా," అంది కస్టమర్ సర్వీసు బల్ల దగ్గరి విశ్వాసమ్మ. "పెద్దాయనా, నీకే ఒక కార్డు చేసిస్తా. రెండు నిమిషాలు."

అయిపోయింది. ఆరువందల పాయింట్లు దేవేంద్రప్ప జేబులోకి పోయాయి. పోతూ పోతూ ఆయన ఇద్దరి వైపు తిరిగి దండం పెట్టాడు. "శానా మంచి పిల్లోళ్ళు. మీరు గుర్తుచేయకుంటే నాకు తెలిసేదే కాదు."

బయట నిమ్మకాయ సోడా బండి దగ్గర ఆ అమ్మాయి ప్రదీప్‌ను పట్టుకుంది.

"అంతా నీ వల్లే పోయె. ఏంటికప్పా నీకంత ఆత్రం? ఊరికే విమానం మోజా?"

"నీకు మోజు కాదా?"

"నాకు పని!" ఆమె సోడా గ్లాసు ఠంగుమని పెట్టింది. పేరు శ్రీవాసవి. బీఎడ్ చదువుతోంది. క్యారమ్స్‌లో రాష్ట్ర చాంపియన్. "మార్చి ఇరవై ఎనిమిది పొద్దున పదకొండు దాకా నాకు ఈడ పరీక్ష. ఇరవై తొమ్మిది పొద్దున ఎనిమిదికి ఢిల్లీలో బోర్డు ముందర ఉండాల. జాతీయ పోటీలు. ఏ రైలెక్కితే అందుతాదో నువ్వే చెప్పు."

ప్రదీప్ రైల్వేవాడి కొడుకు. టైంటేబులు మనసులోనే తిరగేసి చూశాడు. ఏ రైలూ అందదు.

"మరి నీకేంటికి?" అందామె.

"మా నాయన శేషన్న డోన్‌లో గేట్‌మన్. ముప్పై మూడేండ్లు రైళ్ళకు పచ్చజెండా ఊపినాడు. ఈ నెలాఖరుకు రిటైరవుతాండాడు. ఏం గావాల నాయనా అని అడిగితే, పైనుంచి పట్టాలు ఎట్ల కనపడతాయో ఒక్కసారి చూడాలని ఉండాదిరా అన్యాడు."

 రెండు సోడాలకూ శ్రీవాసవే డబ్బులిచ్చింది. తర్వాత చెప్పింది: "ఒకటో కౌంటర్ నాది, మూడో కౌంటర్ నీది. గీత దాటితే ఊరుకోను."

ఆ గీత వారం రోజులు కూడా నిలవలేదు. ఎందుకంటే ఒకరికి తెలిసిన విద్య ఇంకొకరికి తెలియదు.

ప్రదీప్‌కు పథకాల లోతుపాతులు తెలుసు. బుధవారం కొంటే పాయింట్లు రెట్టింపు. అతని క్రెడిట్ కార్డు మీద బిల్లు కడితే బ్యాంకు ఇచ్చే పాయింట్లను కూడా హరివిల్లు ఖాతాలోకి మార్చుకోవచ్చు. అందుకే ఏజెన్సీ ఫోను బిల్లులు, బండి డీజిలు, ఓనరు కొడుకు కాలేజీ ఫీజు అన్నీ తన కార్డు మీదే గీకించి, డబ్బు అప్పటికప్పుడు తీసుకుని బ్యాంకులో కట్టేసేవాడు. వడ్డీ అనే మాట తన కార్డు దగ్గరికి రానివ్వలేదు.

శ్రీవాసవికి మనుషులు తెలుసు. తోపుడు బండిలోకి ఒక్క చూపు చూసి ఇంటి సంగతంతా చెప్పేసేది. "చూడు, అయిదు కిలోల చింతపండు. వాళ్ళింట్లో ఏదో శుభకార్యముండాది. మళ్ళీ రేపొస్తారు. ఈరోజు మంచిగా పలకరించి పెట్టుకో."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు లేప్పా." అంతకంటే చెప్పేది కాదు.

మూడో వారానికి ప్రదీప్ వ్యవహారం దారి తప్పింది. తన కౌంటర్‌కు వచ్చిన పెద్ద బిల్లులవాళ్ళను "ఆ పక్క తొందరగా అవుతాదన్నా" అని ఒకటో కౌంటర్‌కు పంపించసాగాడు. అటువైపు నుంచి ఒక నవ్వు వస్తే చాలు, ఆ రోజు ఎండ కూడా అతనికి తెలిసేది కాదు. కర్నూలు ఎండ తెలియలేదంటే జబ్బు ముదిరిందనే అర్థం.

విశ్వాసమ్మ బల్ల దగ్గర నుంచి అంతా చూస్తూనే ఉంది. "ప్రదీపూ, నీ పాయింట్లు పెరిగేది ఆగిపోయిందే! జ్వరమా, ప్రేమా?"

"అట్లాంటిదేమీ లేదక్కా," అన్నాడు ప్రదీప్, మొహం నిండా అట్లాంటిదే పెట్టుకుని.

ఉగాది సాయంత్రం జనం పల్చబడ్డాక ఇద్దరూ లెక్క చూసుకున్నారు. శ్రీవాసవికి నాలుగువేల మూడువందలు. ప్రదీప్‌కు నాలుగువేల ఆరువందలు. రెండు రోజులే మిగిలాయి. పండగ సరుకులు అందరూ కొనేసుకున్నారు. ఇక ఎవరొస్తారు?

ప్రదీప్ తన కార్డు ఆమె ముందు పెట్టాడు. "ఇవి నువ్వు తీసుకో. మా నాయన వచ్చే ఏడు ఎక్కుతాడు."

"మీ నాయన సీట్లో కూర్చోని నేను పోవాల్నా?" ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆ కప్పు నాకొద్దు."

"ఎవరు ఎవరికిచ్చినా కంప్యూటర్ ఒప్పుకోదు లే," అంది విశ్వాసమ్మ. "ఒక కుటుంబమైతేనే ఇద్దరి పాయింట్లు కలుపుతాం. ఇదిగో ఫారం. సంబంధం అనే గడి నింపాల, ఇంటి పెద్ద సంతకం పెట్టాల. ఆ గడి ఖాళీగా పెట్టేదానికి లేదు."

ఇద్దరూ ఆ గడి వైపు చూశారు. ఏసీ చల్లగానే ఉంది, ప్రదీప్‌కు మాత్రం చెమటలు పట్టాయి.

"అన్నాచెల్లెలని రాసుకుంటారా?" విశ్వాసమ్మ పెన్ను మూత తీసింది.

"రాయం!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

 విశ్వాసమ్మ పెన్ను మూత పెట్టి, పక్కకు తిరిగి నవ్వుకుంది. శ్రీవాసవి సీలింగు ఫ్యాన్ల వైపు చూస్తూ నిలబడింది. ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయని ప్రదీప్ గమనించాడు. 

"అబద్ధం రాయను," అన్నాడు. "రేపు పొద్దున మీ ఇంటికొచ్చి మీ నాయన్ని అడుగుతా."

"మా నాయన ఎవరో తెలుసా నీకు?"

"ఎవరు?"

"నాగసుబ్బయ్య కిరాణా."

ప్రదీప్ అక్కడున్న బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. హరివిల్లు తెరిచిన రోజు నుంచి, రెండు సందుల అవతల తన అంగడికి "ఇక్కడ కంప్యూటర్ బిల్లు ఉండదు, నమ్మకం ఉంటుంది" అని బోర్డు కట్టిన మనిషి నాగసుబ్బయ్య! హరివిల్లు సంచి పట్టుకుని ఎవరైనా తన అంగడి ముందు నడిస్తే లేచి లోపలికి పోయే మనిషి. ఆయన కూతురు నెల రోజులుగా ఇక్కడ!

"తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు," అంది శ్రీవాసవి. "అయినా వస్తావా?"

"వస్తా."

మర్నాడు పొద్దున నాగసుబ్బయ్య తక్కెడలో బెల్లం తూస్తున్నాడు. ప్రదీప్ గల్లా మీద ఫారం పెట్టి సంగతంతా చెప్పాడు. ఆయన మీసాలు అదిరాయి.

"వాసవీ! నా కూతురివై ఉండి ఆ అంగట్లోకి పోతాండావా?"

"పోయినా నాయనా," అంది శ్రీవాసవి తలుపు పక్క నుంచి. "కానీ ఆడ ఒక్క అగ్గిపెట్టె కూడా కొనలే. వేరేవాళ్ళు కొన్నదానికి నా కార్డు చూపించినా, అంతే."

నాగసుబ్బయ్య చేతిలో బెల్లం ఆగింది. కోపం పక్కకు జరిగి వ్యాపారం ముందుకొచ్చింది.

"ఏమీ కొనకుండా నాలుగువేల మూడు నూర్లా? వాళ్ళేంటికి ఇస్తాండారప్పా అట్ల?"

"మళ్ళీ మళ్ళీ రావాలని," అన్నాడు ప్రదీప్.

"ఓస్! కొసరే కదా ఇది!" ఆయన తూచిన బెల్లం మీద అలవాటుగా ఇంకో చిన్న ముక్క పెట్టి చూపించాడు. "మా తాత కాలం నుంచి ఇస్తాండాం. దీనికి కంప్యూటర్ ఏంటికి?"

"ఆ ముక్క ఇంటికి పోయేలోపల నోట్లో వేసుకుంటారు మామా. ఇది దాచుకుంటే విమానమవుతాది."

నాగసుబ్బయ్య బెల్లం ముక్కను ఠక్కున తక్కెడలో పెట్టాడు. అన్న మాట ఏమిటో ప్రదీప్‌కు అప్పుడు తెలిసింది.

"ఎవరప్పా నీకు మామ?"

ఇక దాచి లాభం లేదు. ప్రదీప్ చేతులు కట్టుకుని సూటిగా చెప్పేశాడు. "మీ కూతురంటే నాకు ప్రాణం. ఆయమ్మ ఢిల్లీకి పోయి ఆడాల. సంబంధం గడిలో అబద్ధం రాయలేక ఖాళీగా తెచ్చినా. మీరు కాదంటే ఫారం వాపసు తీసుకోని పోతా, ఎదురు మాట్లాడను."

"మీది ఏ ఊరు?"

"డోన్. మా తాతది కోయిలకుంట్లలో అంగడి."

"అంగడి వదిలిపెట్టి రైల్లో చేరినాడా మీ నాయన!" నాగసుబ్బయ్యకు అన్నిటికంటే అదే పెద్ద తప్పుగా తోచింది. కాసేపు మీసం దువ్వుకుని కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

ఆదివారాల్లో ఇదే అంగట్లో, గోనెసంచుల మీద క్యారమ్స్ బోర్డు పెట్టి ఆమెకు ఆట నేర్పింది ఆయనే.

"రెడ్డు వేస్తే చాలదు, వెంటనే ఇంకో కాయిన్ వేయాల, లేకుంటే రెడ్డు బోర్డు మీదికి తిరిగొస్తాదని నువ్వే కదా చెప్పినావు నాయనా," అంది శ్రీవాసవి. "నాకు ఢిల్లీ ఒక్కటే చాలదు. రెండూ కావాల."

 తను నేర్పిన ఆటలో తనే ఓడిపోవడం నాగసుబ్బయ్యకు ఎందుకో బాగానే ఉంది.

"ఒక్కదాన్నే పంపేది మాత్రం లేదు," అన్నాడు చివరికి.

"మా నాయన తోడొస్తాడు," అన్నాడు ప్రదీప్. అని నాలుక కరుచుకున్నాడు. రెండు టికెట్లకు పదివేలు కావాలి. ఇద్దరివీ కలిపినా ఎనిమిదివేల తొమ్మిదివందలే.

అప్పుడు లోపలి నుంచి శ్రీవాసవి తల్లి సుబ్బరత్నమ్మ వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "నాలుగేండ్ల నుంచి ఫ్రిజ్ అడుగుతాండా," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఈరోజు బుధవారం!" అని అరిచాడు ప్రదీప్.

ఆ పూట ఆ బజారువాళ్ళు చూసిన వింత అంతా ఇంతా కాదు. నాగసుబ్బయ్య, భుజాన కండువా సర్దుకుని, పెళ్ళాం బిడ్డలతో హరివిల్లులోకి అడుగు పెట్టాడు. నాలుగు ఫ్రిజ్‌ల తలుపులు తట్టి చూసి, ఒకటి ఎంచుకుని, "కొసరేమిస్తావమ్మా?" అని విశ్వాసమ్మనడిగాడు. ఆమె రెండు నీళ్ళ సీసాలిచ్చింది. ఆయన మూడోది కూడా తీసుకున్నాడు. ప్రదీప్ క్రెడిట్ కార్డు గీకించాడు. నాగసుబ్బయ్య అక్కడికక్కడే నోట్లు అతని చేతిలో పెట్టాడు. రెట్టింపు పాయింట్లు, మీద బ్యాంకు పాయింట్లు. మొత్తం పదివేల నలభై!

ఫారం మీద ఖాళీ గడి ఇంకా ఖాళీగానే ఉంది. నాగసుబ్బయ్య కళ్ళజోడు పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో "కాబోయే అల్లుడు" అని రాసి సంతకం చేశాడు.

"కప్పు వచ్చినా రాకపోయినా ఈ సంతకం సంతకమే," అన్నాడు. కంప్యూటర్ కిమ్మనకుండా తీసుకుంది. శ్రీవాసవి తల్లి భుజం మీద ముఖం దాచుకుని ఏడ్చేసింది. సంతోషం పట్టలేనప్పుడు ఆమె ఏడుస్తుందని ప్రదీప్‌కు ఆ రోజే తెలిసింది.

ఇరవై ఎనిమిదిన శ్రీవాసవి, శేషన్న, ప్రదీప్ పరీక్ష హాలు నుంచి నేరుగా కారెక్కి, సాయంత్రం నాలుగు లోపలే బేగంపేట విమానాశ్రయం చేరారు. శేషన్న కొత్త చొక్కా వేసుకుని, గంటకోసారి టికెట్టు తడుముకుంటున్నాడు. "పట్టాలు కనపడే పక్క సీటు ఇప్పించమ్మా," అని కోడలితో పదిసార్లు చెప్పాడు. అప్పుడే కోడలనేశాడు ఆయన.

విమానం లేచే వేళకు ప్రదీప్ బయట రోడ్డు పక్కన, కారు బానెట్టు మీద నిలబడి ఉన్నాడు. అన్ని పాయింట్లు కూడబెట్టినవాడు నేల మీదే మిగిలాడు. అయినా అంత గర్వం అతనికి ఎప్పుడూ కలగలేదు. చేతిలో తండ్రి పాత పచ్చజెండా ఉంది. విమానం నెత్తి మీదుగా పోతుంటే చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాడు.

రాత్రి ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. "జెండా చూసినా నాయనా," అన్నాడు శేషన్న.  "ముప్పై మూడేండ్లు నేను ఊపినా. నాకోసం ఊపినోడివి నువ్వే. పట్టాలు కూడా చూసినా, సన్నగా దారాల మాదిరి ఉండాయి."

శనివారం సాయంత్రం ఫైనల్. నాగసుబ్బయ్య అంగట్లో ప్రదీప్ ఫోను స్పీకర్‌లో పెట్టారు. బేరాలు ఆగిపోయాయి. ఢిల్లీ నుంచి శేషన్న రైలు వచ్చేది చెప్పినంత శ్రద్ధగా చెబుతున్నాడు.

"రెడ్డు వేసింది... ఆగండప్పా... ఇంకోటి వేయాల... కొడతాండాది..."

అంగట్లో అందరూ ఫోను మీదికి వంగారు.

"వేసేసింది! మన పాప గెలిచింది!"

నాగసుబ్బయ్య తక్కెడ పక్కకు తోసి, బెల్లం బుట్ట తీసుకుని రోడ్డు మీదికొచ్చాడు. ఆ పూట ఎవరికీ తూకం లేదు, అంతా కొసరే. హరివిల్లు నుంచి విశ్వాసమ్మ కూడా వచ్చి పిడికెడు తీసుకుంది.

సోమవారం శేషన్నతో కలిసి శ్రీవాసవి కర్నూలు బస్టాండులో దిగింది. ఒక చేతిలో కప్పు. ఇంకో చేతిలో ఉన్నది, ఎదురొచ్చిన తండ్రి అప్పుడే చాటుగా ఇచ్చిన ఒక అట్టముక్క. ప్రదీప్‌కు దాన్ని అందించింది. నాగసుబ్బయ్య కిరాణా వాళ్ళు కొత్తగా అచ్చేయించిన కొసరు కార్డు, నంబరు ఒకటి. పేర్లు రెండు: శ్రీవాసవి, ప్రదీప్‌కుమార్. సంబంధం: అల్లుడు.

"మరి 'కాబోయే' యాడపోయె?" అన్నాడు ప్రదీప్.

"మా నాయన తీసేసినాడు." ఆమె ఆ పెద్ద కళ్ళతో నవ్వింది. "వైశాఖంలో ముహూర్తం పెట్టించినాడు. సరుకులన్నీ మన అంగట్లోనే అంట."

"మరి పాయింట్లు?"

"హరివిల్లులో విమానం పథకం మళ్ళీ పెట్టినారంట. ఈసారి మనిద్దరం ఎక్కాల కదా! పెళ్ళి బట్టలు, సామాన్లు ఆడ బుధవారమే కొందాం," అంది శ్రీవాసవి, అతని చెయ్యి పట్టుకుని.