కొత్త ఇంజన్‌లో పాత పొగ

శవం డ్రైవర్ సీట్లో ఉంది.

నలిగిన నీలం చొక్కా. చెవుల్లో ఇయర్ ప్లగ్స్. డాష్‌బోర్డు మీద హీటర్ లివర్ పూర్తిగా లాగి ఉంది. పాత స్పోర్ట్స్ కారు అది. ఇంజన్ ముందు ఉండదు, సీటు వెనకే ఉంటుంది.

సాయంత్రం నాలుగింటికి పోయిన మెకానిక్ తమ్ముడొచ్చి షెడ్డు షట్టర్ ఎత్తేసరికి, ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉందట.

"మొహం ఎర్రబడింది చూడండి సార్. కార్బన్ మోనాక్సైడ్. ఆక్సిడెంటే," అన్నాడు ఎస్సై. రిపోర్టు రాసి పడేసి ఇంటికి పోవాలని అతని ఆత్రం.

ఇన్‌స్పెక్టర్‌కి కార్లంటే చిరాకు. ఆత్రపడే ఎస్సైలంటే ఇంకా చిరాకు.

చనిపోయిన మెకానిక్ భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"పోయినవాడు ఎలాగూ రాడు సార్. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపి, చేతగాక చచ్చాడని మాత్రం రాయకండి. పనిమంతుడన్న పేరైనా మిగలనివ్వండి."

కారు ఓనర్ పళ్ళ డాక్టరు. ఆయన్ని పక్కకి పిలిచాడు ఇన్‌స్పెక్టర్.

"కొత్త ఇంజన్ ఎవరి ఆలోచన?"

"పోయిన పెద్దాయనదే. పాతది పట్టేసి ఆగిపోయింది. మళ్ళీ కట్టడం కుదరదు, పగిలిందన్నాడు. ఆరు సిలిండర్లది పెడదామన్నాను. అది పట్టాలంటే సీటు వెనక గోడ కొయ్యాలి, బరువు వెనక్కి పడి మలుపులో అదుపు తప్పుతుందన్నాడు. బ్యాటరీ మోటారైతే ఇంకా బరువన్నాడు. చివరికి నాలుగు సిలిండర్ల టర్బో తెచ్చాడు. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని ఏ గొట్టం దేనికో చెప్పేవాడు."

"తమ్ముడు ఒప్పుకున్నాడా?"

"ఒంటికాలి మీద లేచాడు. పాత ఇంజన్‌ని తన చేత్తో విప్పి కట్టింది అతనే. ఊళ్ళో అందరూ తమ్ముడే అసలు పనిమంతుడంటారు. పెద్దాయనా అదే అనేవాడు. కొత్తది దిగినప్పట్నుంచీ తమ్ముడు దాని వంక కన్నెత్తి చూడలేదు."

తర్వాత తమ్ముడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ అన్న షట్టర్ ఎందుకు దించాడు?"

"వాన సార్. చలి."

"మధ్యాహ్నం మీరెక్కడ?"

"ఇంట్లో."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"కారులోకి పొగెలా వచ్చింది?"

"హీటర్ లోంచి సార్. సైలెన్సర్ గొట్టాల మీదుగా వేడెక్కిన గాలే లోపలికి వస్తుంది. గొట్టానికి చిల్లు పడిందనుకోండి, గాలితో పాటు పొగా వస్తుంది. ఈ కారుకున్న జబ్బే అది. చలేసి లివర్ లాగి ఉంటాడు. ఎన్నిసార్లు చెప్పానో."

ఇన్‌స్పెక్టర్ టార్చ్ తీసుకుని కారు కింద దూరాడు. ప్యాంటు నిండా గ్రీజు పూసుకుని బయటికొచ్చాడు. అందుకూ తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ముగ్గుర్నీ షెడ్డులో నిలబెట్టాడు.

"చెవులు మూసుకుని కొత్త ఇంజన్‌ని ఎవడైనా పరీక్షిస్తాడా? చప్పుడు వినడానికే కదా స్టార్ట్ చేసేది. ఆయన నిద్రలో ఉన్నాడు."

"భోజనమయ్యాక నడుం నొప్పి మాత్ర వేసుకుని ఆ సీట్లోనే పడుకునేవాడు. కుదిపితే గానీ లేవడు," అంది భార్య.

"మరి స్టార్ట్ చేసిందెవరు?" అన్నాడు డాక్టరు.

"హీటర్ లివర్ లాగినవాడు."

ఇన్‌స్పెక్టర్ డాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు.

"పాత ఇంజన్ చల్లబడేది గాలితో. కొత్తది నీళ్ళతో. దీని హీటర్‌లో తిరిగేది వేడినీళ్ళు. దానికీ పొగకీ సంబంధమే లేదు. ఆయన్ని చంపింది మూసిన షెడ్డులో నిండిన పొగ. పైగా ఆ నీళ్ళ గొట్టాలు ఇంకా కలపనేలేదు, కొసలకి బిరడాలు కొట్టి ఉన్నాయి. కొట్టింది పెద్దాయనే. చలేసిందని ఆయన ఆ లివర్ లాగుతాడా?"

తమ్ముడి వైపు తిరిగాడు.

"మీ వదినకి ఏ లివర్ దేనికో తెలీదు. డాక్టరు గారికి కొత్త ఇంజన్ గురించి అంతా తెలుసు. హీటర్ లోంచి పొగొస్తుందని నమ్మేది నువ్వొక్కడివే. మీ అన్న మీద కోపంతో ఈ ఇంజన్‌ని ఒక్కసారీ వంగి చూళ్ళేదు. చూసుంటే నాకు దొరికేవాడివి కాదు."



"నా ఇంజన్‌ని తుక్కుకి వేశాడు," అన్నాడు తమ్ముడు. "నాకు చెప్పకుండా, ముక్కలు చేసి. ఎక్కడ పగిలిందో చూపించమన్నాను. చూపించలేదు. నా బతుకంతా అందులోనే ఉంది."

"పగులుంటేగా చూపించడానికి," అంది వదిన.

ఆమె గొంతు పెరగలేదు.

"నువ్వు ఇంజన్ భాగాల మధ్య వేసే ప్యాకింగ్ తిరగేసి బిగించావు. ఆయిల్ దారి మూసుకుపోయి ఇంజన్ పట్టేసింది. విప్పిన రోజే చూశాడాయన. నీ చూపు తగ్గిందని అప్పుడే తెలిసింది. ఆ ముక్క బయటికి పొక్కితే నీకెవరూ పనివ్వరని, ఎవరి కంటా పడకుండా తుక్కుకి వేశాడు. డాక్టరు గారికి అబద్ధం చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెబితే తట్టుకోలేవన్నాడు."

ఎస్సై బేడీలు బయటికి తీశాడు. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కాగితం ముందేసుకున్నాడు.

"మీవారి తప్పేమీ లేదని రాస్తున్నానమ్మా."

"రాయండి," అంది ఆమె. "ఇద్దరిలో పనిమంతుడు ఆయనేనని కూడా రాయండి. ఇన్నాళ్ళూ నన్ను ఆ మాట అననివ్వలేదు."