కొండెక్కని బండి

"వంచవే... బండి వంచు!"

రైల్వే గేటు పడిపోయింది. దగ్గర్లోనే రైలు కూత.

వెనక కారు లైట్లు!

ఇద్దరూ దూకుతారు. ఆ బుల్లి మోటార్‌సైకిల్‌ని పక్కకి వాల్చి, గేటు కర్ర కిందుగా ఈడుస్తారు. సైలెన్సర్ నర్సు పిక్కకి తగులుతుంది. చుర్రుమంటుంది!

అరవదు. పళ్ళు బిగిస్తుంది.

పట్టాలు దాటారో లేదో... రైలు!

ఒకదాని వెనక ఒకటి గూడ్సు పెట్టెలు. అవతల కారు హారన్ గొంతు చించుకుంటోంది.

"కొట్టుకో నాయనా, కొట్టుకో! అడగ్గానే తప్పుకోడానికి గూడ్సు బండి మీ మేనమామదా?" అంటుంది కత్తెర.

కత్తెర టైలర్. అసలు పేరుతో ఎవరూ పిలవరు. గుడ్డ కంటే మనుషుల్నే ఎక్కువ కత్తిరిస్తుంది, నోటితో. నర్సుకి చిన్నప్పుడు బళ్ళో పక్క పలక. బండి ఆవిడదే.

"నవ్వకే. నాకు గుండె దడదడలాడుతోంది."

"నువ్వేగా నర్సువి. నువ్వే ఓ మాత్ర వేసుకో."

బండి కదులుతుంది. కత్తెర నడుపుతోంది. నర్సు వెనక.

రేపు పొద్దున కోర్టు. నర్సు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే తమ్ముడికి యావజ్జీవం!

వాడు చెయ్యని హత్యకి.

చేసింది క్వారీ ఓనరు కొడుకు. ఆస్పత్రి వరండాలో, స్ట్రెచర్ మీద ఉన్న మనిషిని కాల్చాడు. తెర వెనక సెలైన్ మారుస్తున్న నర్సు చూసింది. ఆ ఓనరు కారు నడిపే తమ్ముడు అప్పుడు కింద అద్దాలు తుడుస్తున్నాడు. తుపాకీ మాత్రం వాడి సీటు కింద దొరికింది.

దొరకదూ మరి! పెట్టినవాళ్ళే వెతికితే?

బస్‌స్టాండులో ఓనరు మనుషులు. రైల్వే స్టేషన్లో ఓనరు మనుషులు.

అందుకే ఈ బండి.

పెట్రోల్ బంకు. స్టాకు లేదంటాడు బంకువాడు, కుర్చీలోంచి లేవకుండానే. బండి అప్పటికే రిజర్వులో ఉంది.

కత్తెర ఫోను మోగుతుంది. చూసుకుని బంకు వెనక్కి వెళుతుంది.

ఎంతకీ రాదు.

వచ్చేసరికి మొహం తడిగా ఉంది. కడుక్కున్నట్టుంది.

"ఎవరే?"

"కూతురు. హాస్టల్లో నిద్ర పట్టట్లేదట."

"అయ్యో. ఏమంటోంది?"

"ఏమంటుంది... అమ్మా అంది."

కత్తెర కిక్ కొడుతుంది. జోకు లేదు. నవ్వు లేదు.

"హైవే వద్దే. కొండ మీదుగా పోదాం. అవతల దిగితే కోర్టున్న ఊరే."

నర్సు సరేనంటుంది. కత్తెర చెప్పిన దారిని ఎప్పుడు కాదంది గనక?

కొండ మొదలు.

బండి మూలుగుతుంది. ఫస్టు గేరు. ఇంకా మూలుగుతుంది. రెండో మలుపులో ఆగిపోతుంది.

ఇద్దరితో కొండెక్కదు ఈ బండి. ఎప్పుడూ ఎక్కలేదు. ఎన్ని ఊళ్ళు తిరిగారో దీని మీద! పెళ్ళిళ్ళు కాకముందు... అయ్యాక... కత్తెర మొగుడు పోయాక. కొండ వస్తే ఒకటే పద్ధతి. అంతదాకా నడిపిన మనిషి దిగి నడవాలి. వెనక కూర్చున్న మనిషి బండిని పైకి తీసుకెళ్ళి, ఇంజిన్ ఆపి, కాచుకోవాలి.

వానలోనూ అంతే. పోట్లాడుకుని మాటల్లేని రోజునా అంతే.

"ఇవాళ వద్దే. నిన్నొక్కదాన్నీ ఇక్కడ..."

"కారు గేటు దగ్గరే చచ్చింది. నువ్వెళ్ళు."

కత్తెర దిగుతుంది. నర్సు స్వెట్టర్‌కి ఊడిన గుండీ పెడుతుంది. రెండుసార్లు జారిపోతుంది.

"చలేస్తోందా?"

"ఆ... చలి. పైన ఆగుతావుగా?"

"ఎప్పుడు ఆగలేదే, పిచ్చిమొహమా!"

నర్సు పైకొస్తుంది. ఇంజిన్ ఆపుతుంది.

నిశ్శబ్దం.

అవతల లోయలో ఊరి దీపాలు. కొండ దిగువనే పోలీసు చెక్‌పోస్టు. తమ్ముడు ఆ దీపాల్లోనే ఎక్కడో జైల్లో పడుకుని ఉంటాడు. వాడికెప్పుడూ బోర్లా పడుకునే అలవాటు.

కత్తెర అడుగుల కోసం చెవులు రిక్కిస్తుంది.

కారు చప్పుడు!

సరిగ్గా కింది మలుపులో ఆగుతుంది. లైట్లు ఆరిపోతాయి. తలుపు తెరుచుకుంటుంది. పారిపోవే అని అరవడానికి నోరు తెరుస్తుంది నర్సు...

కత్తెర గొంతు. కేక కాదు. కొలతలు చెబుతున్నట్టు, మామూలుగా.

"పైనే ఉంది. కారు చూస్తే బెదిరిపోతుంది. నడిచే పోదాం. నేను ముందుంటా."

కొండ మీద మాట దాగదు. ఒక్కొక్క ముక్కా పైకి వస్తోంది.

"నిన్నొదిలేసి పోయుంటే?" మగ గొంతు.

"పోదు. నా కోసం ఆగుతుంది."

"పోతే?"

"పోతే నన్ను కాల్చండయ్యా! హాస్టల్ దగ్గరున్న మీవాణ్ణి మాత్రం వెనక్కి పిలవండి. నా పిల్ల జోలికి రామన్నారు. మాటిచ్చారు!"

నర్సు నోరు తెరుచుకునే ఉంది.

అమ్మేసింది! దొంగమొహంది... అమ్మేసింది!

అమ్మేస్తూ కూడా, సొంత ప్రాణం తెచ్చి ఎంత ధీమాగా పందెం కాసింది!

అడుగులు. దగ్గరవుతున్నాయి. ముందు చెప్పుల చప్పుడు... అది కత్తెరదే. కుడికాలు కాస్త ఈడుస్తుంది. వెనక బూట్లు.

ఆగితే తమ్ముడు పోతాడు. తనూ పోతుంది.

పోతే...

నర్సు స్టాండు తీస్తుంది. క్లచ్ పడుతుంది. కాలితో నేలని ఒక్క తోపు.

బండి కదులుతుంది. ఇంజిన్ లేదు. లైటు లేదు. పల్లం లాక్కుపోతోంది. చెవుల్లో గాలి.

వెనక, పైనుంచి...

"ఒసేయ్... ఉన్నావుటే?"

ఒక్క క్షణం.

"ఏమే!... ఆగవే! నేనే! ఆగవే!"

మలుపు.

పైన తుపాకీ... ఢాం!

నర్సు చెయ్యి తనంతట తనే బ్రేకు నొక్కేస్తుంది. బండి ఆగిపోతుంది. చీకట్లో, రోడ్డు మధ్య.

ఇంకెవరూ పిలవరు.

బ్రేకు మీంచి వేళ్ళు ఒక్కొక్కటే తీస్తుంది.